పాత హీట్‌సింకుకు రెండో కాపురం

నరసరావుపేటలో మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే తమ్ముడు పోయిన మంగళవారం కన్నుమూశాడు. గుండె ఆగిందట. కబురు విన్నప్పుడు పెసలు ఏరుతున్నాను. "పెద్దదాన్ని నేనుండగా వరసలో ముందుకు దూరాడేంది?" అన్నాను. చుట్టమేమీ కాదు, అక్కా అని పిలిచాడు గనుక తమ్ముడయ్యాడు.

తెలుగు పంతులమ్మగా రిటైరయ్యాక గురజాల, మాచర్ల వైపు ఊళ్లు తిరిగి ముసలమ్మల నోటి మాటలు పోగుచేశాను. అన్నీ ఒక పాత ఫాంటులో టైపు చేశాను. ఆ ఫాంటు నా పాత కంప్యూటర్‌లో తప్ప ఎక్కడా తెరుచుకోదు. కొత్తవాటిలో అక్షరాలు చెదిరిన చీమల్లా కనిపిస్తాయి. ఆ ముసలమ్మల్లో సగం మంది ఇప్పుడు లేరు. అప్పట్లో ఆ కంప్యూటరు పోతే వాళ్ల మాటలూ పోయినట్టే.

రెండేళ్ల కిందటి ఎండల్లో అది పది నిమిషాలకోసారి ఆగిపోసాగింది. సత్తెనపల్లిలో ఒక షాపతను చూసి, "పాత ఇనప సామాన్లకి వేసెయ్యండి మామ్మగారూ" అన్నాడు. "నన్ను కూడా తూకం వేయిస్తావా?" అని వెనక్కి తెచ్చుకున్నాను.

తమ్ముడు మూత తీసి, మదర్‌బోర్డు మీద ఒక చిప్పును తాకి చటుక్కున వేలు లాక్కున్నాడు.

"ప్రాసెసర్ మీద ఫ్యాను బానే తిరుగుతందక్కా. ఈ చిప్పే పాపం, నెత్తిన గుడ్డ లేకుండా మిరపచేలో నిలబడ్డట్టుంది."

అతని దగ్గర ఒక నూనె డబ్బా ఉండేది. దాన్నిండా చెడిపోయిన కంప్యూటర్ల ఫ్యాన్లు, హీట్‌సింకులు. హీట్‌సింకంటే దువ్వెన పళ్లలాంటి అల్యూమినియం రేకులు. చిప్పు వేడిని లాగి గాలికి వదులుతాయి.

"ఏదీ పారెయ్యవేందిరా?" అంటే, "మనిషి పోయినా కళ్లు పనికొస్తన్నాయి గదక్కా" అనేవాడు.

ఒక పాత ప్రాసెసర్ హీట్‌సింకును రంపంతో కోసి, అంచులు ఆకురాయితో రుద్ది, అడుగున తెల్లటి పేస్టు పూసి ఆ చిప్పు మీద కూర్చోబెట్టాడు. షాపులో గంటసేపు ఆగకుండా నడిచింది. ఇంటికి తెచ్చి నిలబెట్టాడో లేదో, లోపల ఠంగుమంది.

"ఏందిరా అది?"

తమ్ముడు నాలిక కరుచుకున్నాడు. "ముక్క ఊడిపడింది. మేం బల్ల మీద పడుకోబెట్టి చూస్తామక్కా. ఇంట్లో నిలబడుద్దని మర్చేపోయా. పేస్టు వేడిని మోస్తది గానీ బరువు మొయ్యదు."

"కరెంటుండగా పడుంటే?"

"బోర్డు కాలేది."

"దాంతోపాటు నా ముసలమ్మలూ."

అతను అప్పుడే బస్సెక్కి గుంటూరు వెళ్లి, వేడిని మోసే జిగురు తెచ్చాడు. రెండు ట్యూబులు కలిపి పూసి, ముక్కను అదిమి పట్టుకుని కూర్చున్నాడు. "వేడిని చంపలేమక్కా, దారి చూపించాల" అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లల మీద కేకలేసిన నాకు ఈ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసింది.

ఆ కంప్యూటరు మళ్లీ ఆగలేదు. తెర మీద చూసుకుంటూ ఒక్కో మాటా కొత్త ఫాంటులోకి ఎక్కించాను. పోయిన నెల చివరి మాట కొట్టి అతనికి చెబితే, "అయితే ఇంక నన్ను తిట్టే పనేం లేదు" అన్నాడు. తిట్లకు పని కావాలా?

నిన్న ప్లగ్గు పీకి, దుమ్ము దులుపుదామని మూత తీశాను. అల్యూమినియం ముక్క కదలకుండా ఉంది. దాని అంచున పొంగి గట్టిపడిన జిగురులో ఒక బొటనవేలి ముద్ర. గీతలన్నీ స్పష్టంగా ఉన్నాయి. బ్రష్షుతో చుట్టూ దులిపాను. దాన్ని మాత్రం తాకలేదు.