గేటు దగ్గర రెండు చిన్నరసాలు

మా ఆయన బసవపున్నారావు ముసునూరు దగ్గర ఓ మామిడితోటకి ఇరవై ఏళ్లు కాపలా కాశాడు. లుంగీ, చేతికర్ర, టార్చిలైటు, అంతే ఆయన డ్రెస్సు. కిందటేడు ఆ తోటని ఓ పెద్ద కంపెనీ లీజుకి తీసుకుంది. ఈయన్ని మాత్రం ఉంచుకుని నీలం చొక్కా, మెళ్లో ఫొటో కార్డు, ఓ ఈలా ఇచ్చారు. పీఎఫ్ అన్నారు, ఈఎస్ఐ అన్నారు. మొదటిరోజు ఆ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నుంచి కదిలితేనా! కలెక్టరైపోయినట్టు ఆ పోజేంటండీ అని ఆటపట్టించాను. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు.

తోటలో ఓ అలవాటుండేది. కోతకొచ్చిన ఆడవాళ్లు సాయంత్రం పోతూ పోతూ రాలిన కాయలు నాలుగు కొంగున కట్టుకుపోయేవాళ్లు. ఆసామి అడిగేవాడు కాదు, ఈయన చూసేవాడు కాదు. వాళ్లలో సీతారావమ్మ ఈయన్ని నోరారా అన్నయ్యా అని పిలిచేది. ఆడతోబుట్టువు లేని మనిషికి ఆ పిలుపంటే ప్రాణం. ఏటా కొత్తావకాయ కలపగానే మొదటి జాడీ మా ఇంటికే పంపేది.

కంపెనీ వచ్చాక రాలిన కాయ కూడా గేటు దాటకూడదన్నారు. జ్యూసుకి పంపుతారట. గేటు మీద కెమెరా బిగించారు. "బాబాయ్, పైనుంచి అంతా చూస్తుంటారు, జాగ్రత్త" అన్నాడట సూపర్‌వైజర్ మనోజ్. ఆ మాటతో ఈయనకి కంటిమీద కునుకు కరువైంది.

మే మొదట్లో ఓ సాయంత్రం గేటు దగ్గర ఈయన సీతారావమ్మ క్యారేజీ తెరిపిస్తే అడుగు గిన్నెలో రెండు చిన్నరసాలు.

"కింద పడ్డవే అన్నయ్యా. ప్రియాంకకి వేవిళ్లు. ఏదీ సహించట్లేదు, చిన్నరసం తినాలనుందంటే..." అందట.

కడుపుతో ఉన్న కూతురు నోరు తెరిచి అడిగింది. మూత పెట్టేసి పొమ్మంటే పోయేది. ఈయన కెమెరా వంక చూశాడు. చూసి, ఈల ఊదాడు!

మనోజ్ వచ్చి ఆ రెండు కాయలూ ఆవిడ చేతుల్లో పెట్టి ఫొటో తీశాడు. కింద దొంగతనం అని రాసి కంపెనీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మర్నాటి నుంచి ఆవిణ్ని పనిలోకి రావద్దన్నారు. ఊళ్లో ఆ ఫొటో చేరని ఫోను లేదు.

"మీ చేతులు పడిపోయాయా ఆ మూత పెట్టడానికి?" అని దులిపేశాను.

"ఉద్యోగం పోతే ఏంటే మన గతి?" అన్నాడు. అదీ నిజమే. ఆ జీతంతోనే ఇల్లు గడుస్తోంది. అన్నం వడ్డించాను.

వారం తిరక్కుండా ఎలక్ట్రీషియన్ వచ్చాడు. ఆ కెమెరాకి అప్పటిదాకా వైరే కలపలేదట. ఆ సంగతి చెప్పి మా ఆయన అరుగు మీద కూలబడ్డాడు. ఓరి దేవుడా, ఎవరికి భయపడి ఊదాడండీ ఆ ఈల!

ఆ వేసవి మా ఇంటికి జాడీ రాలేదు. నేను కలిపిన ఆవకాయ ఈయన ముట్టలేదు.

కోతలయ్యాక కంపెనీవాళ్లు మీటింగు పెట్టి, నిజాయితీపరుడని ఈయనకి శాలువా కప్పి, ఓ పెట్టె చిన్నరసాలు ఇచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారట. ఈయన ఆ పెట్టె ఇంట్లో దింపనైనా లేదు.

"పద, సీతారావమ్మ దగ్గరికి. ఒక్కసారి అన్నయ్యా అని పిలిస్తే చాలు నాకు" అన్నాడు. నేనూ వెంట వెళ్లాను.

ఆవిడ గుమ్మంలో కూచుని చేటలో బియ్యం ఏరుతోంది. "రా వదినా, కూచో" అని నాకు పీట వేసింది. ఈయన పెట్టె ఆవిడ ముందు దింపి, "తప్పయిపోయిందమ్మా. పిల్లకి పెట్టు" అన్నాడు.

సీతారావమ్మ పెట్టె వంక చూసింది. ఈయన నీలం చొక్కా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"బిల్లుందా అండీ?" అంది నెమ్మదిగా. "రేపు మీవాళ్లొచ్చి ఎక్కడివని అడిగితే చూపించాలి కదండీ."