లాంతరు అడుగున అక్షరాలు

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. నేను మొదట నేర్చుకున్న అక్షరాలు పలక మీదివి కావు, మా తాత లాంతరు లోపలివి. మొన్న ఇక్కడే హిందూపురంలో, పాతసామాన్ల అంగట్లో ఒక ఇత్తడి లాంతరు కనబడితే అది గుర్తొచ్చింది. "అసలైన రైల్వేది, పైన ముద్ర సూడు ఎట్ల మెరుస్తాండాదో" అన్నాడు అంగడాయన. నేను మూత తీసి, లోపల వేలు పెట్టి చూసి, నవ్వుకుని వచ్చేశాను.

తాత ధర్మవరం నుంచి కదిరి మీదుగా పోయే చిన్న రైలుకు గార్డు. నేను పుట్టేసరికే ఆయన లేడు. పెనుకొండలో అవ్వ ఇంట్లో, దేవుడి గూట్లో ఆయన లాంతరు ఉండేది. ప్రతి శుక్రవారం అవ్వ దాన్ని చింతపండుతో తోమి, విభూది రుద్ది, దేవుళ్లకంటే ఎక్కువగా మెరిపించేది. సెలవులకు పోతే నాకు అదే ఆటవస్తువు. పైనున్న పిడి తిప్పితే ఎర్రద్దం పోయి పచ్చద్దం వచ్చేది. మనుషులతో మాట్లాడాలంటే సిగ్గు కాబట్టి దానితోనే పొద్దు గడిపేదాన్ని. ఒకసారి కిరసనాయిలు బుడ్డి బయటికి తీసి లోపల చెయ్యి పెడితే, అడుగున వేలికి గుంటలు గుంటలుగా ఏవో తగిలాయి. తడిమి తడిమి ఆ మూడింటి ఆకారాలు నేర్చుకున్నాను. తర్వాత బళ్లో ఇంగ్లీషు అక్షరాలు చెప్పినప్పుడు ఆ మూడూ నాకు పాత చుట్టాల్లా అనిపించాయి.

పట్టాలు వెడల్పు చేయడానికి చిన్న రైలును ఆపేస్తారన్న ఏడు, ధర్మవరం స్టేషన్లో పాత వస్తువులన్నీ ఒక అద్దాల బీరువాలో పెడతారని తెలిసింది. తాత లాంతరు అందులో ఉండాలని అవ్వకు ఒకటే ఆశ. అప్పటికి హైస్కూల్లో ఉన్న నన్ను తోడు పెట్టుకుని, లాంతరును పాత పట్టుచీర ముక్కలో చుట్టుకుని పోయింది. వస్తువులు ఏరుతున్నది రిటైరైన స్టేషన్ మాస్టరు. భూతద్దం పెట్టి లాంతరును చుట్టూ తిప్పి చూశాడు.

"ముద్ర లేదు కదమ్మా, యెట్ల నమ్మేది? కొత్తగా చేసి అమ్మేటివి శానా వస్తాండాయి. అవీ ఇట్లే తళతళలాడతాంటాయి."

"ముద్ర ఉండెనప్పా, నేనే తోమి తోమి అరగ్గొడితి. మసి పట్టిన దాన్ని కడగకుంటే దేవుని గూట్లో యెట్ల పెట్టేది?"

ఆయన నవ్వాడు గానీ, లాంతరును తిరిగి అవ్వ చేతిలోనే పెట్టాడు. అవ్వ దాన్ని చుట్టబోయి, చుట్టలేక, అట్లే నిలబడిపోయింది.

అప్పుడు నా గొంతు నాకే వినబడింది. "లోపల ఉండాది సార్. అడుగున."

ఆయన బుడ్డి తీసి, టార్చి వేసి, గుడ్డతో మసి తుడిచాడు. మూడు అక్షరాలు, పాత రైలు కంపెనీ పేరువి, నిన్న కొట్టినట్టు ఉన్నాయి. "దొంగముద్ర కొట్టేవాళ్లు కొనేవాళ్లకు కనబడే చోటే కొడతారు పాపా. ఎవరూ సూడని చోట కొట్టే ఓపిక వాళ్లకు యాడిది?" అంటూ ఆయనే దాన్ని బీరువా నడిమి అరలో పెట్టాడు.

తిరుగు రైల్లో పెనుకొండ వచ్చేదాకా అవ్వ ఖాళీ చీరముక్కను మోకాళ్ల మీద పరిచి సవరిస్తూనే ఉంది. కాలం పైపైనే అరగదీసి పోతుందేమో, లోపలిదాకా దాని చెయ్యి పట్టదేమో అనుకుంటూ నేను కూర్చున్నాను. నేను హిందూపురం దాకా పోవాలి. అవ్వ దిగి, కిటికీ కమ్మీ పట్టుకుని, రైలు కదులుతుండగా అంది:

"ఇంగ శుక్రవారం పొద్దున నాకేం పని లేదు మే. నువ్వొస్తాండు, మాట్లాడుకుందాం."