మా వరండాలో దేవుడి వాదన

నా చిన్నప్పుడు దేవుడి పేరు గట్టిగా వినిపిస్తే దడ పుట్టేది. మలేషియాలో బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి ఎస్టేట్‌లో ఉండేవాళ్లం. ఎస్టేట్ కారు నడిపే మలయ్ ముస్లిం పెద్దాయన్ని పాచిక్ అనేవాళ్లం, వాళ్ల భాషలో బాబాయి అని. ఎస్టేట్ ఆసుపత్రిలో సూదిమందు వేసే డ్రెస్సరు మామ తమిళ క్రైస్తవుడు. మామ ఇంట్లో పంది కూర వండుతారని పాచిక్ అక్కడ మంచినీళ్లు కూడా ముట్టడు. మా ఇంట్లో ఆ బెడద లేదు కనుక ఇద్దరూ కలిసి కాఫీ తాగేది మా వరండాలోనే. వాదించుకునేదీ అక్కడే.

ఒక సాయంత్రం ఆ వాదన ముదిరింది. దేవుడే మనిషిగా పుట్టి మన కోసం ప్రాణమిచ్చాడని మామ అన్నాడు. దేవుడు ఒక్కడే, ఆయనకి కొడుకెలా ఉంటాడు, మీ ఏసు మాకు ఈసా అనే ప్రవక్త మాత్రమే, మీ గ్రంథాన్ని మనుషులు మార్చేశారని పాచిక్ అన్నాడు. ఎవరు మార్చారో చూపించమని మామ లేచి నిలబడ్డాడు. పాచిక్ కాఫీ వదిలేసి వెళ్లిపోయాడు. అతను వచ్చే చోటికి ఇక రానంటూ మామ కూడా చెప్పులేసుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. మా నాన్నకి ఉబ్బసం. ఊపిరి అందనప్పుడల్లా టౌను ఆసుపత్రికి కారు తోలేది పాచిక్, దారంతా నాన్నని పట్టుకుని కూర్చునేది మామ. ఒకరు లేకపోతే ఇంకొకరి వల్ల కాదు.

భయపడ్డంతా అయింది. మర్నాడు జోరువానలో నాన్నకి ఊపిరి అందలేదు, పెదాలు నీలంగా మారాయి. మా నాయనమ్మ నన్ను గుమ్మం దాకా లాక్కొచ్చి, "ఇద్దరికీ ఒకటే మాట సెప్పు. నాన్నకి ఊపిరాడతం లేదను. రెండో ఆయన వస్తన్నాడా అని అడిగితే నాకు తెల్దు అను," అంది. పాచిక్ అడగలేదు. మామా అడగలేదు. ఇద్దరూ వానలోనే వచ్చేశారు.

పాచిక్ కారు తోలాడు. వెనక సీట్లో నాన్నకి ఒక పక్క నేను, రెండో పక్క మామ. కొంత దూరం పోయాక పాచిక్ అరబ్బీలో ఏదో చదవడం మొదలుపెట్టాడు. మామ తమిళంలో ప్రార్థన అందుకున్నాడు. మళ్లీ గొడవ మొదలవుతుందేమోనని నాన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. మామ గొంతు తగ్గించుకున్నాడు, పాచిక్ ప్రార్థనకి అడ్డం రాకుండా. అది గమనించి పాచిక్ కూడా తగ్గించాడు. అప్పుడు గాని నాన్న ఊపిరి మాకు సరిగ్గా వినబడలేదు, సన్నగా, ఆగి ఆగి.

"ఊపిరాడతందా?" అన్నాడు పాచిక్, మాతో మాట్లాడి నేర్చుకున్న తెలుగులో.

"ఉంది లా, కారు పోనీ," అన్నాడు మామ, అక్కడి వాడుకలో మాట చివర లా చేర్చి.

నాన్న బతికాడు. ఆ తర్వాత ఇద్దరూ మా వరండాలో మళ్లీ అదే వాదన ఎత్తుకున్నారు, ఎవరూ ఒక్క మెట్టు దిగలేదు. నాయనమ్మ మామూలుగానే కాఫీ పెట్టింది.

ఇప్పుడు నా మనవడి ఫోన్లో అదే వాదన వింటుంటాను, ముక్కూ మొహం తెలియనివాళ్లు అరుచుకుంటూ ఉంటారు. ఆ దడ నాకింకా పోలేదు. దేవుడి గురించి ఎవరు గొంతు పెంచినా, ఆ గోలలో నేను మా నాన్న ఊపిరి కోసమే వెతుక్కుంటాను.