పుస్తకంలో అలా లేదు

ఆఁ, ఎక్కడిదాకా వచ్చాం? గడియారాలాయన దగ్గర ఆగాం కదూ! ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు చెబితే చాలు, మనిషి మొత్తం అర్థమైపోతాడు. టీవీలో ఏది కనిపించినా సరే, ‘పుస్తకంలో అలా లేదు!’ అనాలి. అనకపోతే ఆయనకి అన్నం అరగదు.

లైబ్రరీ ఎదురుగా గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. ఆదివారం నాలుగయ్యేసరికి కొట్టు కట్టేసి లైబ్రరీ హాల్లోకి వచ్చేస్తాడు. అక్కడ బీరువా మీద టీవీలో డిటెక్టివ్ సీరియల్ వస్తుంది. ఇరవై రెండు నవలలు వచ్చిన డిటెక్టివ్ మరి! అభిమానులు రెండు పార్టీలు. పుస్తకాల పార్టీకి నాయకురాలు రిటైరైన టీచరమ్మ. టీవీ పార్టీకి మందుల షాపాయన. నవలల్లో డిటెక్టివ్‌ది బట్టతల. టీవీలో నుదుటి మీద పడే జుట్టు. మొదటివారమే యుద్ధం.

“ఆ జుట్టు దువ్వుకునేలోపు హంతకుడు ఊరు దాటిపోడూ?” అంది టీచరమ్మ.

“బట్టతలని వారం వారం ఎవరు చూస్తారు టీచరమ్మా!” అన్నాడు మందుల షాపాయన, తన బట్టతల తడుముకుంటూ.

ఈ రెండు పార్టీలనీ ఏకం చేసిన ఘనత మాత్రం గడియారాలాయనదే. ఆయన్ని తిట్టడంలో అందరిదీ ఒకటే మాట. తెరమీద తలుపు మెల్లగా తెరుచుకుంటుంది. హాలంతా ఊపిరి బిగబడుతుంది. సరిగ్గా అప్పుడు,

“పుస్తకంలో ఈ తలుపు ఆకుపచ్చ! వీళ్లు నీలం వేశారు. పైగా గొళ్లెం విరిగి వేలాడుతోంది!”

“అన్నయ్యగారూ, ఆ తలుపు వెనకాల ఎవరున్నారో చూడనిస్తారా?” అంటుంది టీచరమ్మ.

“వెనకాల వంటాయన. చేతిలో కత్తెర. పుస్తకంలో కత్తెరే లేదు!”

పన్ను పీకించుకోవడానికి వెళ్లి, డాక్టరు చేతిలో పట్టకారు చూసి కూడా ‘పుస్తకంలో ఇంత పెద్దది లేదు’ అన్నాడట. నోట్లో దూది కుక్కాకే ఊరుకున్నాడట. ఇది మందుల షాపాయన ప్రచారం, నమ్మినవాళ్ల ఇష్టం.

ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ కంపోజింగు తాతగారిది. ఆ నవలలు అచ్చయిన ప్రెస్సులో ఒక్కొక్క అక్షరం చేత్తో కూర్చిన మనిషి. మోకాళ్ల మధ్య చేతికర్ర పెట్టుకుని, టీవీ వైపు ముఖం పెట్టి నిటారుగా కూర్చుంటాడు. చెవి పక్కనే అంత గోల జరుగుతున్నా హాల్లో కిక్కురుమనడు. పాపం చెవుడేమోనని అందరూ జాలిపడేవాళ్లు.

చివరి భాగానికి ముందు వారం వ్యవహారం ముదిరింది. డిటెక్టివ్ చనిపోయినవాడి గది వెతుకుతున్నాడు. రెండు నిమిషాలు మాటల్లేవు, సంగీతం ఒక్కటే. ఆ రెండు నిమిషాలూ గడియారాలాయన నోరు మూయలేదు. లైబ్రేరియన్ అమ్మాయికి సహనం పోయింది. హంతకుడు బయటపడే ఆదివారం ఆయన్ని రావద్దనాలని ఆయన వెళ్లాక తీర్మానమైంది. ఆ మాట ఎవరు చెప్పాలి? అందరూ టీచరమ్మ వైపు చూశారు.

“ముప్పై ఏళ్లు పిల్లల్ని బెంచీ ఎక్కించారు కదండీ. మీకిదో లెక్కా!”

టీచరమ్మ ఒప్పుకుంది కానీ, తప్పు రుజువు కాకుండా శిక్ష వేసే అలవాటు లేదావిడకి. ఈ కథలో ఆయన అభ్యంతరాల్లో గుర్తున్నవన్నీ వరసగా రాసింది. పద్నాలుగు. నవల ముందేసుకుని ఎర్ర పెన్సిలు పట్టుకుంది. నవల్లో తలుపుకి అసలు రంగే లేదు. గొళ్లెం ఊసే లేదు. ఆయన లేదన్న కత్తెర మాత్రం ఉంది! పద్నాలుగింటికి పద్నాలుగూ తప్పే! సున్నా మార్కులు! ఈ మహానుభావుడు పుస్తకం తెరిచిన పాపాన పోలేదన్నమాట!

సున్నా చుట్టబోతూ ఆ వరసని ఇంకోసారి చదివింది. నీలం తలుపు. విరిగిన గొళ్లెం. వంటాయన చేతిలో కత్తెర. కిటికీ దాకా నాలుగు బురద అడుగులు... కళ్లు మూసుకుంటే గదంతా కళ్లకి కట్టింది.

పెన్సిలు ఆగిపోయింది. తెరమీద ఎవరైనా మాట్లాడుతుంటే గడియారాలాయన ఎప్పుడూ నోరు విప్పలేదు. తాతగారికి జ్వరమొచ్చి రాని వారమైతే ఒక్క అభ్యంతరం లేదు. కుర్చీలో గురకపెట్టాడు! టీ వచ్చినప్పుడల్లా గ్లాసు తాతగారి చేతిలో పెట్టి, వేళ్లు దానిచుట్టూ మూసేది కూడా ఆయనే.

మర్నాడు టీచరమ్మ కొట్టు దగ్గరికెళ్లింది.

“అన్నయ్యగారూ, నవల్లో తలుపుకి రంగు లేదు.”

గడియారాలాయన తలెత్తలేదు. “మీది పాత ముద్రణేమో టీచరమ్మా.”

“తాతగారికి ఎన్నాళ్లనించి కనిపించడం లేదు?”

చేతిలో పట్టకారు ఆగింది. కంటికున్న భూతద్దం తీసి ఆయన అటూ ఇటూ చూశాడు.

“ఏడాది దాటింది. ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టుదల. బొమ్మలో ఏముందో నేను చెబుతానండీ అంటే కర్రెత్తుతారు. అందుకని సీరియల్‌ని తిడుతుంటాను.”

“ఆయనకి తెలిసిపోలేదూ?”

“ఏమోనమ్మా! మొన్న మెట్లు దిగుతూ, ‘నీ గోలతో బొమ్మ చూడనివ్వవు కదరా!’ అని కసిరారు. నాలుగడుగులు వేసి, ‘ఇంతకీ ఆ కత్తెర పొడుగుదా, పొట్టిదా?’ అన్నారు.”

టీచరమ్మ పకపకా నవ్వింది. రావద్దని చెప్పాల్సిన మాట గొంతు దిగి లోపలికే పోయింది.

ఇంటికొచ్చి ఇప్పుడు ఫోను ముందు కూర్చుంది. లైబ్రేరియన్ అమ్మాయికి చెయ్యాలి. గడియారాలాయన వస్తున్నాడని చెప్పాలి. ఎందుకని అడిగితే, అచ్చమైన పుస్తకాల పార్టీ మనిషిని వెళ్లగొడితే ఊరుకునేది లేదని దబాయించాలి. తాతగారికి రెండోపక్క తనకో కుర్చీ వేయించమనాలి. ఒక్కడికే వదిలేస్తే లాభం లేదు. అసలా మనిషికి రంగులే తెలియవు. ఆ తలుపు నీలం కాదు, ఊదా!