గేటు దగ్గర ‘కొంచెం’ అనకండి

బందరులో తానుల బేరం మంచి పట్టులో ఉండగా కడుపులో మెలిపెట్టింది. ఘంటసాలలో మాది బట్టల కొట్టు. సరుకు కోసం కోటేశ్వరరావు దుకాణానికి వచ్చాను. తెల్లవారుజాము నుంచీ ఉన్న నొప్పే, ఇప్పుడిక ఓర్చుకోలేక చాప మీద కూలబడ్డాను.

“ఈ వేషం ఎప్పుడు నేర్చావు బావా? సరేలే, తగ్గిస్తాను, లే” అన్నాడు కోటేశ్వరరావు. బావ అనడమే గాని మాకు బేరం తప్ప చుట్టరికం లేదు.

ధర తగ్గినా నేను లేవకపోయేసరికి అతనికి భయం పట్టుకుంది. రిక్షాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

గేటు దగ్గరి మనిషి “ఏమైందండీ?” అన్నాడు. అవసరం బయటపెడితే ధర పెరుగుతుందని ఉగ్గుపాలతో నేర్చినవాణ్ణి. “ఏదో కొంచెం నలతండీ” అన్నాను. దగ్గులూ గజ్జీ ఉన్నవాళ్ల ఓ.పీ. వరసలో నిలబెట్టాడు. వరస కదల్లేదు, నేను గోడవారగా జారిపోయాను.

కోటేశ్వరరావు చెవిలో అన్నాడు: “బావా, ఇక్కడికి కొనడానికి రాలేదు నువ్వు, అమ్మడానికొచ్చావు. సరుకు సంగతి గట్టిగా చెప్పు.”

అమ్మడమా! అది నాకు వచ్చిన విద్యే. అటు వెళ్తున్న నర్సమ్మగారిని ఆపి నోరు విప్పాను: “తెల్లారుజామున బొడ్డు దగ్గర మొదలైందమ్మా. ఇప్పుడు కుడిపక్కకి దిగింది. వాంతులయ్యాయి. నిలబడలేను.” ఆవిడ వెంటనే పక్క తలుపులోంచి, అత్యవసర కేసులు చూసే కాజువాలిటీకి నడిపించింది.

డాక్టరుగారు కుడివైపు నొక్కి చటుక్కున వదిలారు. నా కేక ఓ.పీ. వరస దాకా వినబడిందట.

“అపెండిసైటిస్. పగిలితే ప్రాణానికి ముప్పు. ఇప్పుడే ఆపరేషన్.”

“మా ఊరి సంత అయిపోయాక చేయించుకుంటే...”

“దీనికి వాయిదాల్లేవండీ.”

ఈథర్ వాసన తప్ప తరవాతేమీ గుర్తులేదు. కుట్లకు చీము పట్టింది. జ్వరం వచ్చింది. పెన్సిలిన్ సూదులకు నా పిరుదులు జల్లెడయ్యాయి. అయినా బతికాను!

ఇప్పుడు బందరు వస్తే ముందు ఆసుపత్రి గేటు దగ్గరే ఆగుతాను. మొన్న కోడూరు నుంచి ఒక పెద్దాయన రొమ్ము పట్టుకుని “ఏదో కొంచెం ఆయాసం” అంటున్నాడు. “మావయ్యగారూ, ఆ ‘కొంచెం’ తీసేసి చెప్పండి” అన్నాను. బస్సులోనే ఎడమచెయ్యి లాగేసిందనీ, చెమటలు పట్టాయనీ అప్పుడు బయటపెట్టాడు. చెయ్యి పట్టుకుని సూటిగా కాజువాలిటీ తలుపు దగ్గరికి తీసుకెళ్లాను. నిన్న వార్డులో పలకరిస్తే గంజి చప్పగా ఉందని పేచీ పెడుతున్నాడు.

మీరూ గేటు దగ్గరే చెప్పేయండి: నొప్పి ఎప్పుడు మొదలైందో, ఎక్కడుందో, ఎలా పెరిగిందో. తగ్గించడం డాక్టరుగారి పని, మనది కాదు.