కుక్కర్ మూత గీసి పంపమన్న నారాయణప్ప అంకుల్

నిన్న పొద్దున వైట్‌ఫీల్డ్ ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ వచ్చింది. లక్ష్మీదేవమ్మ. ఆవిడ నాకు ఎప్పుడూ ఫోన్ చేయదు.

"సార్ పోయినాడమ్మా. నిద్రలోనే."

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. మొన్న ఆదివారమే కదా అంకుల్ నాతో మాట్లాడారు! నేను కొన్న కొత్త కుక్కర్ ఏ కంపెనీదో అడిగి మరీ తిట్టారు.

ఆయన ఎవరో తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నాను.

తొంభైల చివర్లో నేను కడప నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి బెంగళూరు వచ్చినప్పుడు, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో నారాయణప్ప అంకుల్ మా హౌస్ ఓనర్. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, కోపం వస్తే రెండూ.

బొమ్మసంద్రలో ఆయనకి ఒక చిన్న యూనిట్ ఉంది. ప్రెషర్ కుక్కర్ మూతలో ఉండే రబ్బరు రింగులు చేస్తారు. పనిచేసేవాళ్లంతా ఆడవాళ్లే. లక్ష్మీదేవమ్మ అందరికంటే సీనియర్.

ఉన్నట్టుండి, ఆయన సరుకంతా కొనే కుక్కర్ కంపెనీ ఆర్డర్లు ఆపేసింది. యూనిట్ మూసేయమని చుట్టాలందరూ సలహా ఇచ్చారు. మూస్తే ఈ ఆడవాళ్లు ఎక్కడికి పోతారన్నదే అంకుల్ దిగులు. అన్నం సరిగా తినట్లేదని ఆంటీ నాతో చెప్పి బాధపడేవారు.

ఒకరోజు కాఫీ తాగుతూ అంకుల్ నన్ను అడిగారు.

"ఏమ్మా, ఆ ఇంటర్నెట్లో మన రబ్బర్లు అమ్మేకి అయితాదా?"

నాకు నవ్వాగలేదు. అప్పట్లో నెట్‌లో పుస్తకం కొనాలన్నా జనం జంకేవాళ్లు.

"నవ్వొద్దమ్మా. పాత కుక్కర్లు ఇంటింటా ఉండాయి. వాటికి రబ్బరు అంగళ్లల్లో యాడా దొరకదు. వాళ్లంతా ఏం చేయల్ల?"

సరే అని వీకెండ్లలో కూర్చుని ఒక వెబ్‌సైట్ చేశాం. ఒక్కో సైజుకీ ఒక్కో వృత్తం గీసి సైట్‌లో పెడదామన్న ఐడియా అంకుల్‌దే. జనం దాన్ని ప్రింట్ తీసుకుని, మీద మూత పెట్టి చూసుకుని, సరిపోయిన సైజు ఆర్డర్ చేస్తారు. అబ్బో, మేమంతా మురిసిపోయాం.

ఆర్డర్లు వచ్చాయి. పార్సెళ్లు వెళ్లాయి.

వెనకాలే తిట్లు వచ్చాయి.

రబ్బర్లు మూతల్లో కూర్చోవట్లేదు! పేజీలో పట్టడం కోసం ప్రింటర్లు ఆ వృత్తాల్ని తమంతట తామే కుదించేస్తాయని మాకెవరికీ తట్టలేదు. కాగితం మీద వృత్తం చిన్నదైపోయేసరికి, జనం తమకి కావలసినదానికంటే పెద్ద సైజు ఆర్డర్ చేశారు.

సైట్‌లో గెస్ట్‌బుక్ అని ఒక పేజీ ఉండేది. ఎవరైనా ఏమైనా రాయొచ్చు. పుణె నుంచి ఒకావిడ అక్కడ మమ్మల్ని కడిగిపారేసింది. పప్పు కూడా ఉడకలేదు, వీళ్లు మోసగాళ్లు, ఎవరూ కొనకండి అని.

ఎవరైనా ఏం చెప్తారు? డిలీట్ చేసేద్దాం అంకుల్ అన్నాను.

"ఆ యమ్మ రాసింది అబద్ధమా? నిజమే కదమ్మా. ఉండనీ. దాని కిందనే నేను రాస్తా."

రెండు వేళ్లతో టిక్కు టిక్కుమని కొట్టారు, తనకొచ్చిన ఇంగ్లీషులో. తప్పు మాదే మేడమ్, కొత్త రబ్బరు పంపుతున్నాం, పాతది వెనక్కి పంపే శ్రమ పడొద్దు అని. అంతటితో ఆగలేదు. ఆవిడ తిట్టునీ తన జవాబునీ తీసుకెళ్లి హోమ్ పేజీలో అన్నిటికంటే పైన పెట్టించారు.

ఇంక దుకాణం సర్దేసుకోవడమే అనుకున్నాను.

అదేం చిత్రమో, జనం ఆ జవాబు కిందే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. మా అమ్మ కుక్కర్ ఫలానాది, దానికి రబ్బరు ఉందా అని. అంకుల్ ప్రతి ఒక్కరికీ అక్కడే జవాబు రాశారు. కొన్నాళ్లకి సెర్చ్‌లో పాత కుక్కర్ పేరు కొడితే చాలు, ముందు అంకుల్ జవాబులే వచ్చేవి.

ఇక సైజు గొడవకి ఆయన కనిపెట్టిన మందు ఇంకా సూపర్. "పాత న్యూస్‌పేపర్ మీద మూత బోర్లించి, చుట్టూ గీత గీసి, మడిచి మాకు పోస్ట్ చేయండి" అని సైట్‌లో రాయించారు. ఆర్డర్ ఆన్‌లైన్‌లో, కొలత పోస్టులో! ఎంత ఏడిపించానో ఆయన్ని.

కానీ పేపర్లు నిజంగానే వచ్చాయి. తమిళం, గుజరాతీ, మలయాళం, బెంగాలీ. కొలత చూసుకున్నాక యూనిట్‌లో ఆడవాళ్లు వాటిలో సినిమా బొమ్మలు కత్తిరించుకునేవాళ్లు. లక్ష్మీదేవమ్మకి మలయాళం హీరోలందరూ తెలుసు.

తర్వాత పెద్ద షాపింగ్ సైట్ల కాలం వచ్చింది. ఒక సైట్‌వాళ్లు మాతో చేరమని అడిగారు. కస్టమర్‌తో మీరు నేరుగా మాట్లాడకూడదన్నది వాళ్ల రూలు.

"మూత చూడకుండా రబ్బరు ఎట్లిచ్చేదప్పా?" అని వచ్చిన మేనేజర్‌నే అడిగి, కాఫీ తాగించి పంపేశారు. ఆర్డర్లు కొంచెం తగ్గాయి కూడా. ఆయన బేజారు పడలేదు. లక్ష్మీదేవమ్మని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి జవాబులు రాయడం నేర్పించారు. మౌస్ పట్టుకోవడానికే ఆవిడ భయపడేది.

"నాకేడ అయితాది సార్?"

"నేను లేనప్పుడు ఎవరు రాస్తారమ్మా? కూచో."

యూనిట్ మూతపడలేదు. ఒక్కరి పనీ పోలేదు. ఎన్నో కంపెనీలు చూశాను గానీ, ఇంత నిజాయితీగా, ఇంత మొండిగా వ్యాపారం చేసిన మనిషిని ఇంకొకర్ని చూడలేదు. ఆయనంటే నాకు చాలా ఇష్టం. చాలా గర్వం.

నిన్న సాయంత్రం అంతా అయిపోయాక లక్ష్మీదేవమ్మ నన్ను పక్కకి పిలిచింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"సైట్‌లో ఏమన్నా పెట్టల్లమ్మా. రబ్బరు కోసరం కాచుకోని ఉంటారు పాపం."

నేను రాస్తానన్నాను. వద్దులే అంది. ఆంటీ దగ్గర తాళాలు తీసుకుని, యూనిట్‌కి వెళ్లి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది.

"మా సార్ ఈరోజు చనిపోయారు. ఈరోజు పార్సెల్ లేదు. రేపు పంపుతాం."

అంకుల్, ఈ పొద్దున లక్ష్మీదేవమ్మ వాళ్లు యూనిట్ తెరిచారు. పార్సెళ్లు వెళ్లాయి.

ఇంక ఏ దిగులూ లేకుండా హాయిగా పడుకోండి.