మావయ్య రక్తానికి నా పన్ను

ఈ రోజు వైద్యశాస్త్రం నన్ను చిత్తుగా ఓడించింది, మిత్రులారా.

కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకుంటున్న మా మావయ్యకు, ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చినా రక్తం పెరగడం లేదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మోతాదు పెంచమని అడుగుదామని పంజాగుట్టలో డాక్టరు గారి దగ్గరికి వెళ్తే, ఆయన మావయ్యను నోరు తెరవమన్నారు.

"చిగుళ్లు వాచి చీము పట్టాయి. చెప్పలేదేంటండీ?"

"అబ్బే, నొప్పేం లేదండీ. నమలడం మానేశానంతే."

"బాగుంది! తిండీ తగ్గింది, ఒంట్లో ఈ వాపూ ఉంది. ఇంక ఇంజెక్షన్ ఏం పనిచేస్తుంది? ముందు పన్ను చూపించుకోండి."

కిడ్నీ ఎక్కడ, రక్తం ఎక్కడ, పన్నెక్కడ! అయోమయంలోనే అమీర్‌పేటలో జావా కోచింగ్ బోర్డుల మధ్య పళ్ల డాక్టరు బోర్డు వెతికి పట్టుకున్నాను. డయాలసిస్‌లో అంత లావు సూదులు నవ్వుతూ పొడిపించుకునే మావయ్య, ఇక్కడ ఆటో కడ్డీ వదల్లేదు.

"అన్నా, పెద్దాయన దిగుతలేడు. జర సమ్జాయించు," అన్నాడు ఆటో అతను.

"వీడు కూడా చూపించుకుంటేనే దిగుతా," అన్నారు మావయ్య, నన్ను చూపిస్తూ.

ఒప్పుకున్నాను. డయాలసిస్ రోజు పీకితే రక్తం త్వరగా ఆగదట; అది లేని రోజు చూసి పాడైన పన్ను పీకుతామని మావయ్యను మర్యాదగా పంపించారు. నా పిప్పిపన్ను మాత్రం అక్కడికక్కడే పీకేశారు.

నోట్లో దూదితో అడుగుతున్నాను: ఇంతకీ పేషెంటు ఎవరు?